సైకిల్ మీద ఒక్కరే కన్యాకుమారి దాకా: ఎలా వెళ్లాలి, ఎవరిని ఏమడగాలి

హైదరాబాద్ నుంచి కన్యాకుమారి సుమారు 1,250 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే దారి తప్పే బెడద లేదు. కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మధురై, తిరునల్వేలి, ఆ తర్వాత నేలే అయిపోతుంది. రోజుకు 80 కిలోమీటర్ల లెక్కన తొక్కి, మధ్యలో మూడు నాలుగు రోజులు ఆగినా 20 రోజుల్లో చేరతారు. నలభై దాటినవాళ్లు, జిమ్ మొహం చూడనివాళ్లు కూడా చేయగల పనే. కాళ్లు మూడో రోజుకి, సీటు మీద కూర్చునే చోటు ఐదో రోజుకి దారికొస్తాయి. అంత తొందరగా దారికి రానిది నోరు. రోజూ ఒక కొత్త ఊళ్లో, ముక్కూమొహం తెలియని మనిషిని నీళ్లో, చోటో, సాయమో అడగాలి. గేర్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని బండి సంగతి కొంచెం చెప్పి, ఈ అడగడం సంగతి ఎక్కువ చెబుతాను.

మొదట నెల చూసుకోండి

డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచిది. తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. అవి తగ్గాక బయల్దేరండి. ఆ రోజుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, మీరు పోయేది దక్షిణానికి. వెనకనుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉంటుంది. అదే జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్లారనుకోండి, తిరునల్వేలి దాటాక ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర ఎదురుగాలి మిమ్మల్ని బండి దిగి నడిపిస్తుంది. కొండల సందులోంచి పడమటి గాలి అంత గట్టిగా వస్తుంది కాబట్టే ముప్పందల్ చుట్టూ అన్ని గాలిమరలు పాతారు.

ఈ కాలానికి ఇంకో లాభం ఉంది. జనవరి మధ్య దాకా అయ్యప్ప దీక్షవాళ్లు, ఆ తర్వాత తై పూసం అనే సుబ్రహ్మణ్యస్వామి పండక్కి పళని వెళ్లే పాదయాత్రికులు రోడ్ల మీద ఉంటారు. దిండిగల్ చుట్టుపక్కల అయితే గుంపులు గుంపులుగా నడుస్తారు. వాళ్లకోసం దారి పొడుగునా మజ్జిగ, అన్నదానం పందిళ్లు వేస్తారు. దూరం నుంచి చెమటోడ్చి వచ్చేవాళ్లని చూడటం ఆ ఊళ్లకి అలవాటు. మీరు సైకిల్ మీద వచ్చినా అదే కంటితో చూస్తారు. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు మాత్రం హైదరాబాద్ నుంచి బయటికి పోయే ఏ రోడ్డూ సైకిల్‌కి పనికిరాదు.

బండి: ఊళ్లో బాగు చేయగలిగేది

ఖరీదైన బండి అక్కర్లేదు. ఎక్కుడులో తేలిగ్గా తొక్కనిచ్చే గేర్లున్న హైబ్రిడ్ (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే రకం) గానీ, సస్పెన్షన్ లేని పాత ఎమ్‌టీబీ (మౌంటెన్ బైకు) గానీ సరిపోతుంది. చూసుకోవాల్సింది ట్యూబు సైజు. 26 అంగుళాల ట్యూబు డోన్‌లో దొరుకుతుంది, ధర్మపురిలో దొరుకుతుంది. హైబ్రిడ్‌లకి ఎక్కువగా ఉండే పెద్ద చక్రం సైజు, 700సీ ట్యూబు, పెద్ద ఊళ్లలో తప్ప దొరకదు. మీది 700సీ అయితే ట్యూబులు మూడు మీరే పెట్టుకోండి. వాల్వు మోటారు సైకిల్‌కి ఉండేలాంటి లావుదైతే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. సన్న వాల్వు అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ తెచ్చుకోండి. చవక, గోలీకాయంత ఉంటుంది, అది లేకపోతే టెన్షన్.

సీటు ఎత్తు ఇలా చూడండి: మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ కింద చివరికి వచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి. తర్వాత ముందరి పాదంతో తొక్కితే మోకాలు కాస్త వంగుతుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టే.

సామాను వీపు మీద మొయ్యకండి. వెనక క్యారియర్ బిగించి, రెండు పక్కలా సంచులు వేలాడదీయండి. మొత్తం పది కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, దోమతెర, ముందూ వెనకా లైట్లు, ఫోను ఛార్జ్ చేసే పవర్ బ్యాంకు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆధార్ జిరాక్సులు. పనిముట్లలో పంపు, టైరు లివర్లు, ప్యాచీలు, సొల్యూషన్, ఎల్-కీలు, చైను విప్పే టూలు, ఒక చైను లింకు, బ్రేకు తీగ, గేరు తీగ, వెనక చక్రానికి సరిపోయే నాలుగు పుల్లలు. పుల్లల్ని ఫ్రేముకి టేపుతో అంటించేయండి. టెంటు ఈ దారికి బరువే, ప్రతి 15-20 కిలోమీటర్లకీ ఏదో ఒక పైకప్పు కనిపిస్తుంది.

పంక్చర్ వేయడం ఇంట్లో నేర్చుకునే బయల్దేరండి. హైవే అంచున మిమ్మల్ని వేధించేది మేకులు కాదు. పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు. కంటికి కనిపించవు. పంక్చర్ వేసే ముందు టైరు లోపలివైపు వేలితో నెమ్మదిగా తడిమి ఆ తీగని లాగి పారేయకపోతే, కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ఊరి రోడ్లలోకి దిగితే సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి.

ఎత్తుపల్లాలు తెలుసుకోండి

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, కర్నూలు 280 దగ్గర. అంటే మొదటి 200 కిలోమీటర్లు మొత్తమ్మీద పల్లమే. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి సైకిల్ రానివ్వరు కాబట్టి ఆరాంఘర్ నుంచి శంషాబాద్, షాద్‌నగర్ మీదుగా మామూలు హైవేలోనే వెళ్లండి. జడ్చర్ల, పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు గుమ్మంలో తుంగభద్ర. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద కూర్చుని ఏటి గాలికి ఒక గంట ఆగితే ఆ రోజు అలసట సగం పోతుంది. అలంపురం చౌరస్తా నుంచి పక్కకి తిరిగి జోగులాంబని చూసి రావడానికి కూడా వీలే.

కర్నూలు నుంచి గుత్తి, పామిడి మీదుగా అనంతపురం దాకా నేల అలలు అలలుగా ఉంటుంది, ప్రాణం తీసేంత ఎక్కుడు ఉండదు. అసలు ఎక్కుడు అనంతపురం దాటాకే మొదలవుతుంది. పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి దాటి బెంగళూరు చేరేసరికి 900 మీటర్లకు ఎక్కుతారు. ఆ రెండు మూడు రోజులు 60 కిలోమీటర్లు చాలు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినండి. మరమరాలు తేలిగ్గా అరుగుతాయి, ఎక్కుడులో కడుపు బరువు అనిపించదు. రాగి సంగటి మాత్రం రోజు తొక్కడం అయ్యాకే.

బెంగళూరు నగరం మధ్యలోంచి సైకిల్ మీద వెళ్లడం ఇష్టమైనవాళ్లు వెళ్లండి, నేను చెప్పను. చిక్కబళ్లాపురం దగ్గర ఎడమకు తిరిగి శిడ్లఘట్ట, చింతామణి, కోలారు, అక్కడినుంచి కుప్పం మీదుగా కృష్ణగిరి చేరే దారి ఉంది. చిన్న రోడ్లు, మల్బరీ తోటలు, పట్టుపురుగులు పెంచే ఇళ్లు, దారి పొడుగునా తెలుగు అర్థమయ్యే మనుషులు.

కృష్ణగిరి నుంచి మళ్లీ పల్లం. ధర్మపురికీ సేలానికీ మధ్య తొప్పూరు ఘాట్ ఉంది. అక్కడ బరువు లారీలు బ్రేకులు పట్టక ముందున్న బండ్లని గుద్దిన ప్రమాదాలు చాలా జరిగాయి. పొద్దున వెలుతురులో, ఎడమ అంచున, రెండు మూడు చోట్ల ఆగుతూ దిగండి. చక్రం అంచుని పట్టి ఆపే రిమ్ము బ్రేకులైతే ఆగినప్పుడు రిమ్ము చల్లారనివ్వండి. భయంగా ఉంటే సైకిల్‌ని ఒక చిన్న ట్రాలీ ఆటోలో వేసుకుని ఆ ఘాట్ దాటేయండి. కన్యాకుమారి చేరాక ఈ పది కిలోమీటర్ల లెక్క ఎవరూ అడగరు.

ఫ్లైఓవర్ ఎక్కకండి

నాలుగు వరుసల హైవే ఊళ్లని చూపించదు. ఊరి పేరున్న ఆకుపచ్చ బోర్డు వస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కుతారు, దిగుతారు, ఊరు అయిపోతుంది. సైకిల్‌కి ఫ్లైఓవర్ మీద అంచు జాగా కూడా ఉండదు. అందుకని ప్రతి ఊరి ముందూ ఎడమనున్న సర్వీసు రోడ్డులోకి దిగండి. టీ కొట్టు, పంక్చర్ షాపు, మెడికల్ షాపు, ఆటో స్టాండు, నీళ్ల ప్లాంటు అన్నీ ఆ ఫ్లైఓవర్ కిందే ఉంటాయి. వీలున్నచోట ఊరి మధ్యలోంచి పోయే పాత హైవే పట్టుకోండి. ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది, మనుషులు దొరుకుతారు. సర్వీసు రోడ్డు మీద ఎదురొచ్చే ట్రాక్టర్లు, ఆరబోసిన మొక్కజొన్న, రాంగ్ రూట్ బైకులు ఉంటాయి, కాబట్టి తల వంచుకుని తొక్కకండి.

తెల్లవారుజామున ఐదున్నరకు ఎక్కితే పదకొండుకల్లా 60 కిలోమీటర్లు అవుతాయి. ఎండవేళ చెట్టు కిందో, గుడిలోనో పడుకుని, కావాలంటే ఇంకో 20 తొక్కండి. నీళ్లు దప్పికయ్యే దాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. చెమట ఆరి చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కనిపిస్తే ఆ పూట ఓఆర్‌ఎస్ కలుపుకోండి.

మూడున్నరకల్లా బండి దిగండి

దీన్ని గట్టిగా చెబుతాను. రోజుకి ఎంత దూరం అన్నది మీ కాళ్లు నిర్ణయించకూడదు, చీకటి పడేలోపు మీకు కావాల్సిన మూడు గంటలు నిర్ణయించాలి. ఆరున్నరకి చీకట్లో ఊళ్లోకి వచ్చిన మనిషి ఎవరికైనా అనుమానమే. అదే మనిషి మూడున్నరకి వచ్చి టీ కొట్టు ముందు బండి ఆనించి, మొహం కడుక్కుని, ఒక టీ తాగి, ఇంకో టీ తాగి, అక్కడే కూర్చుంటే ఊరు తనంతట తానే వచ్చి పలకరిస్తుంది. పిల్లలు ముందు వస్తారు. బెల్లు కొడతారు, గేర్లు తిప్పుతారు. తర్వాత ఒక పెద్దాయన. ఐదింటికల్లా మీరెవరో, ఎక్కడినుంచి వస్తున్నారో, ఎంత పిచ్చో సగం ఊరికి తెలిసిపోతుంది. అప్పుడు అడగాలి.

అడిగే తీరు కూడా ఉంది. "మీ ఇంట్లో పడుకోవచ్చా?" అని ఎప్పుడూ అడగకండి. కాదనడం వాళ్లకి ఇబ్బంది, ఔననడం ఇంట్లోవాళ్లకి ఇబ్బంది. "ఈ ఊళ్లో రాత్రికి ఉండటానికి ఎక్కడ బాగుంటుంది?" అని అడగండి. వాళ్లు సత్రం చెప్పొచ్చు, పది కిలోమీటర్ల దూరంలో లాడ్జి చెప్పొచ్చు, గుడి మండపం చెప్పొచ్చు. ఇంటికి పిలవాలనిపిస్తే వాళ్లే పిలుస్తారు. పిలవకపోతే ఎవరి మొహమూ చిన్నబోదు. గుంపుని అడగొద్దు, ఒక్కరిని అడగండి. టీ కొట్టు ఆయన్ని, లేదా ఇంకా మేలు, ఆయన భార్యని. గుంపులో ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు, బాధ్యత ఎవడూ తీసుకోడు.

మొదటి అడగడం చిన్నదై ఉండాలి. ముందు సీసాలో నీళ్లు. తర్వాత ఫోను ఛార్జింగ్. ఆ తర్వాత చోటు. నీళ్లు ఇచ్చిన మనిషికి మీ మీద ఒక రకమైన హక్కు వస్తుంది, "ఆ పిల్ల మా ఇంట్లో నీళ్లు తాగింది" అంటారు. ఆ మాట మీకు తాళం కన్నా గట్టి భద్రత.

ఆడవాళ్లకి లెక్క కాస్త మారుతుంది. "ఒక్కదానివేనా?" అన్న ప్రశ్న నేను ప్రతి ఊళ్లో విన్నాను. దానికి జవాబు మనుషుల్ని బట్టి ఇవ్వండి. బోరింగు దగ్గర బిందెలు నింపుకునే ఆడవాళ్లు అడిగితే నిజం చెప్పండి. వాళ్లు అడిగేది దిగులుతో. బైకు పక్కన నడుపుతూ కుర్రాళ్లు అడిగితే "వెనక మావాళ్ల కారు వస్తోంది" అనండి. ఈ అబద్ధం పాపం కాదు. రాత్రికి లాడ్జి తీసుకుంటే బస్టాండు పక్కది, కుటుంబాలు దిగేది చూసుకోండి. గది చూసి, గడియ వేసి చూసి, అప్పుడు డబ్బు కట్టండి. ధాబా నవారు మంచం మీద పడుకోవడం మగవాళ్లకి బాగానే కుదురుతుంది. మనకి ధాబా భోజనం వరకే. ఎవరింట్లోనైనా ఉండాల్సి వస్తే ఆ ఇంటి ఆడమనిషితో మాట్లాడి, ఆమె రమ్మంటేనే వెళ్లండి.

లాడ్జి లేని ఊళ్లో మగవాళ్లయినా, ఆడవాళ్లయినా దగ్గరి పోలీసు స్టేషన్‌కి వెళ్లి పేరు చెప్పి రావడం మంచిది. నవ్వుతారు, కుర్చీ వేస్తారు, కొన్నిసార్లు చోటు కూడా వాళ్లే చూపిస్తారు. సైకిల్ యాత్రికుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్ల కోసం వార్మ్‌షవర్స్ అనే నెట్‌వర్క్ ఉంది, పెద్ద నగరాల్లో పనికొస్తుంది. పెబ్బేరులో, పామిడిలో టీ కొట్టే మీ నెట్‌వర్క్.

చుట్టాల గొలుసు

ఒక ఇంట్లో ఉంటే చాలు, తర్వాతి ఊరికి ఫోన్ వెళ్లిపోతుంది. "రేపు గుత్తికి పోతాండావా? మా బావమరిది ఉండాడు, చెప్తా ఉండు" అంటారు. ఈ గొలుసు పట్టుకుంటే కొన్ని రోజులు లాడ్జి అవసరం రాదు. కానీ దానికి మర్యాద ఉంది. నంబరు తీసుకుంటే తప్పకుండా ఫోన్ చేయండి, వెళ్లడం లేదంటే ఆ సంగతి మధ్యాహ్నానికే చెప్పండి. అవతల ఆయన మీకోసం కోడి కోయించి ఉంటాడు. మీరు రాకపోతే పోయే పరువు మీది కాదు, పంపిన మనిషిది.

ఇంట్లోకి వెళ్లాక చెప్పులు బయట, సైకిల్ వాళ్లు చూపించిన చోట. స్నానం నీళ్లు తోడుకునే ముందు అడగండి. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్లలో నీళ్లు రోజూ రావు, ఒక బిందె ఎక్కువ వాడినా తెలుస్తుంది. ఫోను చూసుకుంటూ కూర్చోకండి. వాళ్లు మీకు పెట్టిన అన్నానికి బదులుగా కోరుకునేది మీ కబుర్లు. దారిలో ఏం చూశారు, పక్క జిల్లాలో వానలెలా ఉన్నాయి, టమాటా ధరెంత, ఇవన్నీ.

డబ్బు ఇవ్వబోతే చాలాచోట్ల నొచ్చుకుంటారు. పొద్దున బయల్దేరేటప్పుడు పిల్లల చేతిలో పెట్టినా తల్లి తిరిగిచ్చేస్తుంది. ముందే పళ్లో, బిస్కెట్లో కొనుక్కుని వెళ్లండి. ఫొటో తీసి ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పంపండి, "చేరాను" అని ఒక మాటతో. ఒడిశాకు చెందిన చిత్రకారుడు పి.కె. మహానందియా 1977లో ఢిల్లీలో పాత సైకిల్ కొనుక్కుని స్వీడన్ బయల్దేరాడు. దారిలో మనుషుల బొమ్మలు గీసిచ్చి అన్నం, చోటు సంపాదించుకున్నాడు. మనకి బొమ్మలు రాకపోవచ్చు. నాకు తెలిసిన పని కుట్టుమిషను బాగు చేయడం, అది చాలా ఇళ్లలో పనికొచ్చింది. పింఛను ఫారం నింపడం, పిల్లాడికి లెక్కలు చెప్పడం, ఫోనులో నిండిపోయిన స్టోరేజీ ఖాళీ చేసివ్వడం, ఏదైనా సరే.

పంక్చర్ షాపుల సంగతి వేరు. అది వాళ్ల బతుకుతెరువు. డోన్ దాటాక ఒకాయన చైను సరిచేసి డబ్బు వద్దని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అలాంటప్పుడు వాదించకుండా, అదే షాపులో ఒక ట్యూబో, నూనె సీసానో కొని పూర్తి ధర ఇచ్చేయండి.

అడిగిందే అడుగుతారు, విసుక్కోకండి

"ఎందుకు?" అన్నది మొదటి ప్రశ్న. పాలమూరులో "ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అంటారు, అనంతపురంలో "యాడికి పోతాండావమ్మా?" అంటారు, దాని వెంటనే వచ్చేది ఇదే. "నన్ను నేను తెలుసుకోవడానికి" లాంటి జవాబులు టీ కొట్టు దగ్గర చెల్లవు. ఒక వాక్యం తయారు చేసుకోండి: "కన్యాకుమారి చూడాలని చిన్నప్పటి కోరిక, బస్సులో అయితే మధ్యలో ఊళ్లు కనపడవు." అందరికీ అర్థమవుతుంది. చాలామంది "మొక్కా?" అని వాళ్లే అనుకుంటారు, అనుకోనివ్వండి.

తర్వాత: సైకిల్ ధర ఎంత, మోటారు లేదా, ప్రభుత్వం డబ్బిస్తుందా, పెళ్లయిందా, ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు, జీతమెంత. సైకిల్ ధర తక్కువ చేసి చెప్పండి. 40 వేలు అంటే ఆ రాత్రి మీకూ నిద్ర పట్టదు, ఇల్లుగలవాళ్లకీ పట్టదు. "పాతది, ఎవరో ఇచ్చారు" చాలు.

"మీరేమోళ్లు?" అని కూడా అడుగుతారు. ఈ దారిలో ఈ ప్రశ్న రాని రోజు తక్కువ. కోపం తెచ్చుకుంటే మాట తెగిపోతుంది, జవాబు చెబితే ఆ జవాబుని బట్టి కంచం మారొచ్చు. "సైకిలోళ్లం" అంటాను నేను. సగం మంది నవ్వి వదిలేస్తారు. వదలకుండా గుచ్చి గుచ్చి అడిగే ఇంట్లో నేను రాత్రికి ఉండను. టీ డబ్బులిచ్చి ముందుకి వెళ్తాను. అలా వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా ఇంకా వెలుతురు మిగిలి ఉండాలి. మూడున్నర అన్నది అందుకు కూడా.

తమిళం రాకపోతే

బాగేపల్లి, కోలారు, హోసూరు, కృష్ణగిరి దాకా తెలుగుతోనే నెట్టుకురావచ్చు. ధర్మపురి తర్వాత పది మాటలు కావాలి. "అణ్ణా", "అక్కా" అని పిలవండి. "తణ్ణి వేణుం" అంటే నీళ్లు కావాలి. "పంక్చర్ కడై ఎంగే?" అంటే పంక్చర్ షాపు ఎక్కడ. "ఇంగే తంగలామా?" అంటే ఇక్కడ ఉండొచ్చా. "ఎవ్వళవు?" అంటే ఎంత. చెయ్యి చూపించి, నవ్వి, తప్పులతో మాట్లాడినా సరే. హిందీ మొదలుపెట్టకండి, తెలుగులో అడిగితేనే ఎక్కువ పలుకుతారు.

విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతానికి వచ్చాక ఆశ్చర్యపోతారు. అక్కడ నాయకరాజుల కాలం నుంచి ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. చాలామందికి మన అక్షరాలు రావు. కోవిల్‌పట్టిలో పల్లీపట్టీ కొంటూ, డబ్బులు లెక్కపెట్టుకుంటూ నాలో నేను గొణుక్కున్నాను. కొట్టు వెనక కూర్చున్న ముసలామె లేచి వచ్చి, "మనోళ్లా?" అంది. ఆమె మాటలు సగం మా తాతమ్మ మాటల్లా ఉన్నాయి. మీకూ అక్కడ అలవాటైన మాట వినిపిస్తే సిగ్గుపడకుండా పలకరించండి. ఆ పూట భోజనం గురించి ఇక ఆలోచించక్కర్లేదు. పల్లీపట్టీ కూడా ఎక్కువ కొనండి, బెల్లం, వేరుశనగ కన్నా మంచి సైకిల్ తిండి నాకు తెలియదు. తిరునల్వేలి హల్వా రుచిగా ఉంటుంది, నేతి బరువుకి ఎండలో కళ్లు మూతలు పడతాయి, అది సాయంత్రానికి ఉంచండి.

మంచివాళ్లు కానివాళ్లు

తక్కువే, కానీ ఉంటారు. సాయంత్రం ఏడు తర్వాత వైన్ షాపు పక్కనున్న ధాబాలో ఆగకండి. ఎవరైనా బైకు మీద వెంటపడుతున్నట్టు అనిపిస్తే వేగం పెంచడం దండగ, సైకిల్ గెలవదు. పెట్రోలు బంకులోకో, టోల్ ప్లాజాలోకో తిరిగిపోండి. అక్కడ కెమెరాలు ఉంటాయి, మనుషులు ఉంటారు. హైవే మీద ప్రమాదానికి 1033, దేనికైనా 112. టోల్ ప్లాజాలో సైకిల్‌కి రుసుము లేదు, బాత్రూములు ఉంటాయి, సిబ్బంది మాటకారులు.

ఈ రాత్రి ఎక్కడ ఉంటారో దారిలో కలిసినవాళ్లకి చెప్పకండి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఇద్దరికే పంపండి, సోషల్ మీడియాలో ఫొటోలు ఆ ఊరు దాటాకే పెట్టండి. లారీ డ్రైవర్లంటే భయపడేవాళ్లు ఉన్నారు, నా అనుభవంలో దారి గురించి నిజం చెప్పేది వాళ్లే. ఎక్కడ రోడ్డు తవ్వారు, ఏ హోటల్లో అన్నం వేడిగా ఉంటుంది, ఏ ఘాట్‌లో పొగమంచు పడుతుంది, పొద్దున టీ దగ్గర అడిగితే వరుసగా చెబుతారు. రోడ్డు మీద మాత్రం గుర్తుపెట్టుకోండి: మీకు లారీ అద్దం కనపడకపోతే ఆయనకి మీరు కనపడరు.

కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోకండి. దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టి, రాయి తీసుకున్నట్టు వంగండి. చాలావరకు వెనక్కి పోతాయి. కరిస్తే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోండి. తర్వాతి సూదుల తేదీలు రాయించుకుంటే ముందున్న ఊళ్లో వేయించుకోవచ్చు.

సైకిల్‌ని రైలెక్కించడం

నాగర్‌కోయిల్‌గానీ కన్యాకుమారిగానీ స్టేషన్‌లో పార్సెల్ ఆఫీసు పనివేళలు ముందురోజే వెళ్లి కనుక్కోండి. మీ టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే సైకిల్ మీ రైల్లోనే వస్తుంది. పార్సెల్‌గా బుక్ చేస్తే చోటున్న రైల్లో పంపుతారు, రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు. రైలు టైముకి మూడు నాలుగు గంటల ముందే వెళ్లండి. లైట్లు, పంపు, బెల్లు, సీసాలు విప్పి మీ సంచిలో వేసుకోండి. పెడల్స్ విప్పండి, ఎడమ పెడల్ మరలు తిరగబడి ఉంటాయని మర్చిపోవద్దు. గేర్లున్న వైపు అట్టముక్క చుట్టి తాడుతో కట్టండి. టైర్లలో గాలి సగం తీసేయండి. పేరు, ఫోను నంబరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి రెండు చోట్ల అంటించండి. రసీదు ఫొటో తీసుకోండి. ప్లాట్‌ఫారం మీద బ్రేక్ వ్యాన్‌లోకి, అంటే రైల్లో సామాను పెట్టెలోకి, ఎక్కించేది కూలీలు. వాళ్లతో కాసేపు మాట్లాడి, మూటల కింద కాకుండా పక్కన నిలబెట్టమని అడగండి. 1,250 కిలోమీటర్లు అడగడం నేర్చుకుని వచ్చారు కాబట్టి ఇది ఇబ్బందేమీ కాదు.

దిగే స్టేషన్‌లో అదే రోజు తీసుకోండి, ఆలస్యమైతే నిల్వ రుసుము వేస్తారు.